సోర్స్ నుంచి లైబ్రరీ బిల్డ్: ఆగే చోట్లు, అసలు కారణాలు

సీ, సీ++ భాషల్లో రాసిన లైబ్రరీని సోర్స్ నుంచి తయారుచేసుకోవడం పైకి ఒకే ఆదేశంగా కనిపిస్తుంది. లోపల మాత్రం వేర్వేరు ప్రోగ్రాములు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయి. మొదట కాన్ఫిగర్ దశ మెషీన్‌లో ఏమున్నాయో, ఏం లేవో చూసుకుంటుంది. తర్వాత ప్రీప్రాసెసర్ హెడర్ ఫైళ్లను పోగుచేస్తుంది. కంపైలర్ ఒక్కొక్క ఫైలును ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది. లింకర్ వాటన్నిటినీ కలిపి లైబ్రరీని చేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక దాన్ని వాడే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడర్ ఆ లైబ్రరీని వెతికి తెస్తుంది. ఈ దశల్లో ప్రతిదానికీ తనవైన వైఫల్యాలు, తనదైన భాష ఉన్నాయి. హెడర్ ఫైలు లేదని కంపైలర్ చెప్పే మాటకూ, సింబల్ దొరకలేదని లింకర్ చెప్పే మాటకూ మందు ఒకటి కాదు. చాలామంది గంటల తరబడి ఇబ్బంది పడేది ఆగిన దశ ఏదో తేల్చుకోకుండానే చికిత్స మొదలుపెట్టడం వల్ల.

మొదటి పని ఎర్రర్‌ను సరిగా చదవడం. టెర్మినల్‌లో చివర కనిపించే ‘మేక్: ఎర్రర్ 2’ అనే వరసలో సమాచారం ఏమీ ఉండదు. కింద ఏదో విఫలమైందని మాత్రమే అది చెబుతుంది. పనికొచ్చేది పైనెక్కడో ఉన్న మొట్టమొదటి ఎర్రర్. ఒక హెడర్ దొరకకపోతే దానిలో నిర్వచించిన టైపులన్నీ కంపైలర్‌కు అపరిచితాలవుతాయి. ఒక్క లోపం నుంచి రెండు వందల ఎర్రర్లు పుడతాయి. ఎనిమిది పనులు సమాంతరంగా నడుస్తున్న బిల్డ్‌లో వాటి అవుట్‌పుట్ కలగాపులగం అవుతుంది కాబట్టి, విఫలమైన బిల్డ్‌ను ఒకే పనితో, అంటే ‘-జే1’తో మళ్లీ నడిపి, వచ్చినదంతా ఒక ఫైలులోకి ఎక్కించుకోవడం మేలు. కంపైలర్‌కు అసలు ఏ ఫ్లాగులు అందాయో చూడాలంటే ఆటోటూల్స్ ప్రాజెక్టులో ‘మేక్ వీ=1’, సీమేక్ తయారుచేసిన మేక్‌ఫైళ్లలో ‘వెర్బోస్=1’, నింజాలో ‘-వీ’ ఉపయోగపడతాయి. మన సెట్టింగ్‌లో ఇచ్చిన ఫ్లాగు అసలు కంపైలర్ దాకా చేరనే లేదని తేలిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కాన్ఫిగర్ దశ ఎందుకింత గజిబిజిగా ఉంటుందో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్‌ను రాశారు. ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కట్టాలో అది చూసుకుంటుంది. కానీ ఒక్కో యూనిక్స్ ఒక్కో తీరుగా ఉండటంతో, ఈ మెషీన్‌లో ఫలానా ఫంక్షన్ ఉందా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఆ లోటు తీర్చడానికి 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టారు. తర్వాత కిట్‌వేర్ సంస్థ నుంచి సీమేక్, 2013లో యుస్సీ పక్కనెన్ చేతుల్లో మేసన్ వచ్చాయి. పేర్లు మారినా మూల పద్ధతి ఒకటే: చిన్న చిన్న సీ ప్రోగ్రాములు రాసి, వాటిని కంపైల్ చేసి చూసి, ఫలితాన్ని బట్టి ఉందో లేదో తేల్చుకోవడం.

చిక్కంతా ఈ పద్ధతిలోనే ఉంది. పరీక్షా ప్రోగ్రామ్ ఏ కారణంతో విఫలమైనా కాన్ఫిగర్ మాత్రం ‘లేదు’ అనే రాస్తుంది. లైబ్రరీ నిజంగా లేకపోవచ్చు. ఉండి కూడా ఫ్లాగుల్లో ఒక అక్షరం తప్పుపడి ఉండవచ్చు. ‘సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్’ అన్న ప్రసిద్ధ ఎర్రర్‌కు కంపైలర్ చెడిపోవడం కారణం కావడం అరుదు. ఎన్విరాన్‌మెంట్‌లో ఎప్పుడో పెట్టి మరచిపోయిన సీఫ్లాగ్స్ విలువో, సీ లైబ్రరీ డెవలప్‌మెంట్ ఫైళ్లు లేకపోవడమో కారణమై ఉంటుంది. అందుకే తెరమీది ఒక్క వాక్యాన్ని నమ్మకుండా లాగ్ ఫైలు తెరవాలి. ఆటోకాన్ఫ్‌కు అది ‘కాన్ఫిగ్.లాగ్’. మేసన్‌కు బిల్డ్ డైరెక్టరీలోని ‘మేసన్-లాగ్స్’ ఫోల్డర్. సీమేక్‌కు 3.26 వెర్షన్ నుంచి ‘సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్’ అనే యామల్ ఫైలు. విఫలమైన పరీక్షా ప్రోగ్రామ్, దాన్ని కంపైల్ చేసిన ఆదేశం, కంపైలర్ అన్న మాట అక్కడ యథాతథంగా ఉంటాయి.

లైబ్రరీ మెషీన్‌లో ఉన్నా బిల్డ్‌కు కనిపించకపోవడానికి లినక్స్‌లో అతి సాధారణ కారణం ప్యాకేజీల విభజన. ప్రోగ్రాములు నడవడానికి కావలసిన భాగం ఒక ప్యాకేజీలో, వాటిని కట్టడానికి కావలసిన హెడర్లు మరో ప్యాకేజీలో ఉంటాయి. డెబియన్, ఉబుంటుల్లో రెండోదాని పేరు చివర ‘-డెవ్’, ఫెడోరా, రెడ్‌హ్యాట్ వర్గంలో ‘-డెవెల్’ ఉంటుంది. జెడ్‌లిబ్ ఇన్‌స్టాల్ అయ్యే ఉందని ప్యాకేజీ మేనేజర్ చెబుతుంటే, అది లేదని కాన్ఫిగర్ మొండికేస్తుంది. రెండూ నిజమే చెబుతున్నాయి.

డెవలప్‌మెంట్ ప్యాకేజీ కూడా ఉండి దొరకనప్పుడు చూడాల్సింది దారులు. చాలా లైబ్రరీలు తమ హెడర్లు ఎక్కడున్నాయో, ఏ ఫ్లాగులు కావాలో ‘.పీసీ’ అనే చిన్న ఫైలులో రాసిపెడతాయి. పీకేజీ-కాన్ఫిగ్ దాన్ని చదివి బిల్డ్‌కు చెబుతుంది. సొంత డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేసుకున్న లైబ్రరీల పీసీ ఫైళ్లు దాని మామూలు దారిలో ఉండవు కాబట్టి ‘పీకేజీ_కాన్ఫిగ్_పాత్’ వేరియబుల్‌లో ఆ చోటును చేర్చాలి. ఇక్కడ మరో చిన్న ఉచ్చు ఉంది. 64 బిట్ ఇంటెల్ వర్గం లినక్స్ మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 తన ఫైళ్లను ‘లిబ్’లో కాక ‘లిబ్64’లో పెడుతుంది. పాత అలవాటుతో ‘లిబ్’ దారి ఇచ్చినవారికి ఇన్‌స్టాల్ సజావుగా జరిగిన లైబ్రరీ మాయమైనట్టు తోస్తుంది. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఇంటెల్ మెషీన్ల మీద ‘/యూఎస్‌ఆర్/లోకల్’ వాడేది, ఆపిల్ సిలికాన్ మీద ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ’కు మారింది. పాత దారిని నేరుగా రాసుకున్న స్క్రిప్టులన్నీ ఆ మార్పుతో విరిగాయి.

డిపెండెన్సీలు ఒక్కోసారి గుండ్రంగా తిరుగుతాయి. తెలుగు పాఠకుడికి దగ్గరి ఉదాహరణే ఉంది. తెర మీద ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే పని హార్ఫ్‌బజ్ లైబ్రరీది. అక్షరాల ఆకారాలను గీసేది ఫ్రీటైప్. హార్ఫ్‌బజ్ ఫ్రీటైప్‌ను వాడుకుంటుంది. ఫ్రీటైప్‌లోని ఆటోహింటింగ్ భాగం హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ చిక్కును విప్పడానికి, ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ను కట్టి, దానితో హార్ఫ్‌బజ్‌ను కట్టి, మళ్లీ ఫ్రీటైప్‌ను పూర్తి రూపంలో కట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ క్రమం తెలియనివారికి రెండు లైబ్రరీలూ ఒకదాని మీద ఒకటి నెపం వేస్తున్నట్టుగా ఉంటుంది.

లోపాన్ని సరిదిద్దాక కూడా అదే ఎర్రర్ వస్తే అనుమానించవలసింది క్యాష్‌ను. సీమేక్ ఒకసారి కనుక్కున్న సంగతులను ‘సీమేక్‌క్యాష్’ ఫైలులో దాచుకుంటుంది. దొరకలేదన్న నిర్ణయం కూడా అందులో చేరవచ్చు. తర్వాత కంపైలర్ మార్చినా, లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసినా పాత జవాబే పలకవచ్చు. అందువల్ల బిల్డ్‌ను సోర్స్ డైరెక్టరీలో కాక విడి డైరెక్టరీలో చేయడం, అనుమానం వస్తే దాన్ని మొత్తంగా తీసేయడం అలవాటు చేసుకోవాలి. ‘గిట్ క్లీన్’తో శుభ్రం చేసేవారు మాత్రం జాగ్రత్త పడాలి. గిట్‌లో చేర్చని సొంత ఫైళ్లు కూడా దానితో పోతాయి.

సోర్స్ ఏ రూపంలో వచ్చిందన్నదీ ముఖ్యమే. విడుదల టార్‌బాల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు సిద్ధంగా ఉంటుంది. గిట్ నుంచి నేరుగా తెచ్చుకుంటే ఆ స్క్రిప్టును ‘ఆటోరీకాన్ఫ్’తో తయారుచేసుకోవాలి, అందుకు ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ మూడూ కావాలి. గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసే జిప్ ఆర్కైవ్‌లలో సబ్‌మాడ్యూళ్లు ఉండవు. ఆ డైరెక్టరీలు ఖాళీగా ఉండి, ఏ ఫైలో లేదని బిల్డ్ ఆగిపోతుంది. టార్‌బాల్‌కూ గిట్‌కూ మధ్య ఉన్న ఈ తేడా భద్రతా సమస్యగానూ మారింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ వ్యవహారంలో, 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాళ్లలోని బిల్డ్ మ్యాక్రోలో దుష్ట కోడ్‌ను మేల్కొలిపే వరసలు ఉన్నాయి. గిట్ రిపాజిటరీలో అవి లేవు. వేల వరసల కాన్ఫిగర్ స్క్రిప్టును ఎవరూ చదవరన్న ధీమాతోనే ఆ పన్నాగం పన్నారు.

ఇక కంపైల్ దశ. పాత లైబ్రరీ కొత్త మెషీన్ మీద విఫలమైతే సాధారణంగా నింద కోడ్ మీద పడుతుంది. నిజానికి ఆ కోడ్ ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. మారింది కంపైలర్. గత కొన్నేళ్ల మార్పులు గుర్తుంటే ఎర్రర్ చూడగానే కారణం తడుతుంది. 2020లో వచ్చిన జీసీసీ 10, హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ లేకుండా ప్రకటించిన గ్లోబల్ వేరియబుళ్లను ఒకటిగా కలిపేయడం మానేసింది. దానితో ‘మల్టిపుల్ డెఫినిషన్’ ఎర్రర్లు వెల్లువెత్తాయి. జీసీసీ 11 సీ++17ను డిఫాల్ట్ చేసింది. ఫంక్షన్ పక్కన ‘త్రో’ అని మినహాయింపుల పట్టిక రాసే పాత శైలి ఆ ప్రమాణంలో చెల్లదు. 2023 నాటి జీసీసీ 13లో ప్రామాణిక లైబ్రరీ హెడర్లు ఒకదాన్నొకటి చేర్చుకోవడం తగ్గింది. అంతవరకూ పరోక్షంగా అందిన ‘సీఎస్‌టీడీఇంట్’ హెడర్ అందక, 32 బిట్ పూర్ణాంకం వంటి మామూలు టైపే తెలియదని కంపైలర్ అనసాగింది. ఆ ఫైలు పైన ఒక్క ఇన్‌క్లూడ్ వరస చేర్చితే సరిపోతుంది.

వీటన్నిటిలో పెద్ద కుదుపు జీసీసీ 14ది. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని సీ ప్రమాణం 1999లోనే తీసేసినా, కంపైలర్లు పాతికేళ్లపాటు వార్నింగ్‌తో సరిపెట్టాయి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గా మార్చాయి. దీని దెబ్బ కాన్ఫిగర్ దశకూ తగిలింది. పాత ఆటోకాన్ఫ్ పరీక్షా ప్రోగ్రాముల్లోనే అలాంటి అలసత్వం ఉండటంతో, ఉన్న ఫంక్షన్లను కూడా లేవని తేల్చి, బిల్డ్ చప్పుడు లేకుండా తప్పుదారి పట్టేది. 2025లో జీసీసీ 15 సీ23ను డిఫాల్ట్ చేసింది. ‘బూల్’, ‘ట్రూ’, ‘ఫాల్స్’ కీవర్డులయ్యాయి కాబట్టి వాటిని తామే నిర్వచించుకున్న పాత లైబ్రరీలు ఆగిపోతాయి. ఖాళీ కుండలీకరణాలకు ‘ఏ ఆర్గ్యుమెంట్లైనా సరే’ అన్న అర్థం పోయి, ‘ఆర్గ్యుమెంట్లు లేవు’ అన్న అర్థం వచ్చింది. అదే ఏడు మార్చిలో వచ్చిన సీమేక్ 4.0 కూడా 3.5కు ముందరి వెర్షన్లతో పొత్తు తెంచుకుంది.

వీటికి తాత్కాలిక ఉపాయాలున్నాయి. జీసీసీ 10 సమస్యకు ‘-ఎఫ్‌కామన్’, 15 సమస్యకు ‘-ఎస్‌టీడీ=గ్నూ17’, సీమేక్‌కు ‘సీమేక్_పాలసీ_వెర్షన్_మినిమమ్’ను 3.5గా పెట్టడం. ప్రమాణాన్ని వెనక్కు తిప్పడంలో పెద్ద హాని లేదు. ప్రకటించని ఫంక్షన్ల ఎర్రర్‌ను అణచివేయడం మాత్రం వేరు సంగతి. అలాంటి ఫంక్షన్ ‘ఇంట్’ విలువ ఇస్తుందని కంపైలర్ ఊహిస్తుంది. అది నిజానికి పాయింటర్ ఇచ్చేదైతే, 64 బిట్ మెషీన్‌లో చిరునామాలో సగం తెగిపోయి, ప్రోగ్రామ్ ఎప్పుడో కూలుతుంది. ఆ ఎర్రర్ బిల్డ్‌కు అడ్డుపడటం మేలే చేసింది. ఇందుకు భిన్నంగా ‘-వెర్రర్’ ఫ్లాగు వల్ల ఆగిన బిల్డ్‌లో ఆ ఫ్లాగును తీసేయడానికి సందేహించనక్కరలేదు. వార్నింగ్‌లను ఎర్రర్లుగా ఎంచడం లైబ్రరీ రాసేవారికి క్రమశిక్షణ. వేరే కంపైలర్‌తో కట్టుకునేవారికి అది వట్టి అడ్డంకి. సొంత ప్యాచ్ రాసే ముందు డెబియన్, ఫెడోరా, జెంటూ అదే లైబ్రరీకి ఏ ప్యాచ్‌లు వేశాయో చూడటం తెలివైన పని. ఈ ఎర్రర్లను వారు ముందే ఎదుర్కొని ఉంటారు.

కోడ్‌తో సంబంధం లేని వైఫల్యాలు కొన్ని ఈ దశలోనే కనిపిస్తాయి. ‘సీసీ1ప్లస్’ ప్రోగ్రామ్ ‘కిల్డ్’ అయిందన్న మాట వస్తే మెమరీ చాలక కెర్నల్ దాన్ని ఆపిందని అర్థం. కంపైలర్‌లో బగ్ వెతకనక్కరలేదు. టెంప్లేట్లు దట్టంగా వాడిన సీ++ ఫైలు ఒక్కటే గిగాబైటుకు మించి మింగగలదు. సమాంతర పనులు తగ్గించడమో, స్వాప్ పెంచడమో చేయాలి. ఎల్‌ఎల్‌వీఎం వంటి భారీ ప్రాజెక్టులు లింక్ పనుల సంఖ్యను విడిగా అదుపు చేసే సెట్టింగే ఇస్తాయి. విండోస్‌లో విప్పి లినక్స్‌కు తెచ్చిన స్క్రిప్టు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటే వరస చివరి గుర్తులు విండోస్ తీరులో ఉన్నాయని. డైరెక్టరీ పేరులో ఖాళీ ఉంటే చాలా మేక్‌ఫైళ్లు తట్టుకోలేవు. వెబ్ పేజీ నుంచి అతికించిన మేక్‌ఫైలులో ట్యాబ్‌లు ఖాళీలుగా మారితే ‘మిస్సింగ్ సెపరేటర్’ వస్తుంది. ఫెల్డ్‌మన్ నాటి ట్యాబ్ నియమం ఇప్పటికీ అమలులోనే ఉంది.

లింక్ దశలో రాజ్యమేలే ఎర్రర్ ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. ప్రకటన దొరికింది, అసలు కోడ్ దొరకలేదని దాని భావం. లైబ్రరీని లింకర్‌కు చెప్పకపోవడం మొదటి కారణం. చెప్పినా వరస తప్పడం రెండోది. స్టాటిక్ లైబ్రరీలను లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది, అప్పటికి అవసరమని తెలిసిన సింబళ్లను మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి వాడేది ముందు, వాడబడేది తర్వాత రావాలి. సీలో రాసిన ఫంక్షన్‌ను సీ++ నుంచి ‘ఎక్స్‌టర్న్ సీ’ లేకుండా పిలిస్తే, కంపైలర్ పేరుకు టైపుల వివరాలు తగిలించడం వల్ల రెండు వైపులా పేర్లు కలవవు. ‘ఎన్‌ఎమ్’తో లైబ్రరీలోని సింబళ్లను, ‘సీ++ఫిల్ట్’తో వాటి అసలు పేర్లను చూస్తే ఈ తేడా బయటపడుతుంది.

ఆ పేర్లలో ‘__సీఎక్స్‌ఎక్స్11’ కనిపించి, లైబ్రరీలో అది లేకపోతే కారణం 2015 నాటిది. ఆ ఏడు జీసీసీ 5 స్ట్రింగ్, లిస్ట్ క్లాసుల అంతర్గత అమరికను మార్చింది. పాత అమరికతో కట్టిన లైబ్రరీనీ, కొత్త అమరికతో కట్టిన ప్రోగ్రామ్‌నూ లింకర్ కలపలేదు. రెండింటినీ ఒకే తీరులో మళ్లీ కట్టడమే సరైన దారి. విండోస్‌లో ఇలాంటి పొసగనితనాన్ని విజువల్ సీ++ లింకర్ ‘ఎల్‌ఎన్‌కే2038’ సంఖ్యతో చెబుతుంది. ఒక భాగం స్టాటిక్ రన్‌టైమ్‌తో, మరొకటి డైనమిక్ రన్‌టైమ్‌తో కట్టడం అక్కడ తరచుగా జరిగే పొరపాటు. ఇక ‘రీకంపైల్ విత్ -ఎఫ్‌పిక్’ అన్న ఎర్రర్ తన మందు తానే చెబుతుంది. కానీ ఆ ఫ్లాగు ఇవ్వాల్సింది ఇప్పుడు కడుతున్నదానికి కాదు, దానిలో కలుస్తున్న స్టాటిక్ లైబ్రరీకి.

బిల్డ్ ముగిసి, ఇన్‌స్టాల్ అయ్యాక లోడర్ వంతు. ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అంటే లింకర్‌కు తెలిసిన దారి లోడర్‌కు తెలియదని అర్థం. ఏ లైబ్రరీ ఎక్కడ దొరికిందో ‘ఎల్‌డీడీ’ చూపుతుంది. సిస్టమ్ డైరెక్టరీలో చేర్చినప్పుడు ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడిపితే చాలు. సొంత డైరెక్టరీ అయితే లింక్ చేసేటప్పుడే ‘ఆర్‌పాత్’ రాసిపెట్టడం నిలకడైన పద్ధతి. ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ పరీక్షకు బాగానే ఉంటుంది, శాశ్వతంగా పెట్టుకుంటే సంబంధం లేని ప్రోగ్రాములు కూడా ఆ లైబ్రరీనే ఎక్కించుకుని విరుగుతాయి. కొత్త మెషీన్‌లో కట్టినది పాతదానిలో ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటూ ఆగితే, కట్టాల్సింది పాత మెషీన్‌లో. పాత జీలిబ్‌సీ మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. సిస్టమ్ ఇచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీదనే ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’తో కొత్తది రుద్దడం ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ప్యాకేజీ మేనేజర్ కూడా ఆ లైబ్రరీ మీదే ఆధారపడి ఉంటే, బాగుచేసే సాధనమే చెడిపోతుంది.

ఎర్రర్ ఇచ్చే బిల్డ్ కన్నా ఇవ్వని బిల్డ్ ఒక్కోసారి ప్రమాదం. పైథాన్‌ను సోర్స్ నుంచి కట్టేటప్పుడు తగిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరకకపోతే మేక్ ఆగదు. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ కట్టలేకపోయామని చివర ఒక మాట చెప్పి విజయవంతంగా ముగుస్తుంది. పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 తప్పనిసరి కావడంతో పాత సర్వర్ల మీద ఇది విరివిగా కనిపించింది. ప్యాకేజీ దింపుకోబోయేదాకా లోపం తెలియదు. చిత్రాల లైబ్రరీ పిల్లోది ఇంకా నిశ్శబ్దమైన కథ. తెలుగు, దేవనాగరి, అరబిక్ వంటి లిపులను సరిగా కూర్చడానికి అది రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది. రాక్మ్ లేకుండా కట్టినా బిల్డ్ పూర్తవుతుంది, ఇంగ్లిష్ అక్షరాలు చక్కగా వస్తాయి, పరీక్షించిన ఇంజనీరుకు అంతా బాగానే ఉంటుంది. తెలుగు వాక్యం గీయిస్తే మాత్రం ఒత్తులు కిందికి చేరక హలంతాలతో విడివిడిగా పడతాయి. పైన పటారం, లోన లొటారం. కాన్ఫిగర్ చివర ఇచ్చే సారాంశ పట్టికలో ఏ సౌకర్యానికి ‘నో’ పడిందో చదవడం, అవసరమైనవాటిని ‘తప్పనిసరి’ అని ముందే కాన్ఫిగర్‌కు చెప్పడం, ‘మేక్ చెక్’ లేదా ‘సీటెస్ట్’ నడపడం దీనికి విరుగుడు.

వేరే ప్రాసెసర్ కోసం కట్టే క్రాస్ కంపైలింగ్‌లో పై చిక్కులన్నీ ఉంటాయి, అదనంగా ఒకటి: కాన్ఫిగర్ తయారుచేసిన పరీక్షా ప్రోగ్రామ్ ఈ మెషీన్ మీద నడవదు. కాబట్టి దాని జవాబులు మనమే ముందుగా అందించాలి. పాత టార్‌బాల్‌లోని ‘కాన్ఫిగ్.సబ్’ స్క్రిప్టుకు కొత్త ప్రాసెసర్ల పేర్లు తెలియవు. కొత్త ప్రతిని తెచ్చి దాని స్థానంలో పెడితే ఆ ఒక్క అడ్డంకి తొలగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా కారణం చిక్కకపోతే మిగిలేది తేడాలను తగ్గించుకుంటూ పోవడం. అదే లైబ్రరీ ఎక్కడో ఒకచోట సరిగా కట్టబడుతుంటే రెండు మెషీన్ల కాన్ఫిగర్ లాగ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఒక తాజా డెబియన్ కంటైనర్‌లో బిల్డ్ విజయవంతమైతే లోపం సోర్స్‌లో కాక సొంత మెషీన్ సెట్టింగుల్లో ఉందని తేలుతుంది. గత వెర్షన్ కట్టబడి కొత్తది కట్టబడకపోతే ‘గిట్ బైసెక్ట్’ మార్పుల పరిధిని ప్రతిసారీ సగానికి కోస్తూ, వెయ్యి కమిట్లలోనైనా పది పరీక్షలతో దోషిని పట్టిస్తుంది. అప్పటికీ తేలనిది లైబ్రరీ నిర్వాహకులకు చెప్పాల్సినదే. ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలర్, బిల్డ్ టూల్ వెర్షన్లు, ఇచ్చిన ఆదేశం పూర్తిగా, మొదటి ఎర్రర్ ఉన్న వరస నుంచి లాగ్, కాన్ఫిగర్ లాగ్ ఫైలు ఆ నివేదికలో ఉండాలి. తెర ఫొటో వద్దు. దానిలోని పాఠ్యాన్ని ఎవరూ వెతకలేరు.